దండెం కింద, కదలకుండా

కదలకూడదు. కదిలితే విషం కదులుతుంది. ఏటా వేసవి సెలవులు అయిపోయాక, బస్సులు మొదలయ్యే ముందు రోజు, స్కూలు బస్సు డ్రైవర్లందరినీ హాల్లో కూర్చోబెట్టి నర్సు చెప్పేది ఇదే. ఉన్నచోటే పడుకోవాలి, కాటు కడగకూడదు, వేళ్ల దగ్గర్నుంచి తొడ దాకా బిగించి కట్టాలి, మనిషిని పిలవాలి. పడుకున్నాను. కడగలేదు. కట్టాను, నాకు చేతనైనంత. మనిషిని పిలవలేదు. పైన దండెం తిరుగుతోంది. నడుమ ఒక స్తంభం, దాని నుంచి నాలుగు వైపులా ఇనుప చేతులు, చేతుల మధ్య తీగలు. గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది, దుప్పటి నీడ ముఖం మీదికి వస్తుంది, పోతుంది, తర్వాత రెండు దిండు గలీబులు, తర్వాత నా యూనిఫారం చొక్కాలు, తర్వాత ఎండ. రెండు గలీబులు ఎందుకో. మంచం మీద రెండు దిండ్లున్నాయి, తల పెట్టేది ఒకదాని మీదే, అయినా శనివారం వస్తే రెండూ ఉతుకుతాను. మా ఆయన ట్రెవర్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. సముద్రం ఒడ్డున ఎక్కడో పడవలు అద్దెకిస్తున్నాడట, ఇక్కడ పాములు లేవు గ్లెనిస్ అని ఒక క్రిస్మస్ కార్డులో రాశాడు, నేను పాముల కోసమే ఇక్కడ ఉండిపోయానన్నట్టు. ఆ తర్వాత కార్డులు లేవు.

కాటో కాదో తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. బుట్ట కింద పెట్టాను, దుప్పటి దండెం మీద వేశాను, వెనక్కి ఒక అడుగు వేశాను, చీలమండ దగ్గర గీరుకున్నట్టయింది. చూసేసరికి తోక నీళ్ల ట్యాంకు కిందికి పోతోంది. గోధుమ రంగు. ఇక్కడివాళ్లు బ్రౌన్ అనే విషప్పాము. అయితే నేను అడుగు వేసిన చోటే పాత కోళ్ల కంచె తాలూకు తెగిన తీగ ఒకటి ఉంది, అది నన్ను ఇంతకు ముందూ గీరింది. చీలమండ మీద ఒక గీత, పక్కన ఒక చుక్క. గీత తీగది. చుక్క ఎవరిదో. నొప్పి లేదు. బ్రౌన్ కరిస్తే నొప్పి ఉండకపోవచ్చునని నర్సు చెప్పింది, తీగ గీరినా పెద్ద నొప్పి ఉండదు. ఈ ఊళ్లో ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను, ఏం కాలేదులే అనుకుని మిగిలిన బట్టలు ఆరేశాను. గలీబులు, చొక్కాలు. క్లిప్పులు కూడా పెట్టాను. అప్పుడు కూర్చున్నాను. కాళ్లకి రబ్బరు చెప్పులు. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ బస్సెక్కే పిల్లలందరికీ బూట్లు, బూట్లు అని చెప్పేది నేనే.

బుట్ట అడుగున చలికాలం యూనిఫారంతో వేసుకునే పొడుగు మేజోళ్లు మిగిలాయి. వాటినే చుట్టుకున్నాను, తడివి, పాదం నుంచి మోకాలు దాకా వచ్చాయి, ఆ పైన అందలేదు. వంగితే కాలు కదులుతుంది, కదలకుండా ఉంటే కట్టు బిగియదు. ఇంకొకరి కాలికైతే కళ్లు మూసుకుని కడతాను, హాల్లో నర్సు నా కట్టునే అందరికీ చూపిస్తుంది. సొంత కాలికి కట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. ఆ పాఠంలో ఎప్పుడూ ఇద్దరుంటారు, ఒకరు పడుకుంటారు, ఒకరు కడతారు. ఫోను వంటింట్లో ఛార్జింగులో ఉంది. ఇక్కడి నుంచి వంటింటి కిటికీ కనిపిస్తోంది, కిటికీ గట్టు మీద సబ్బు సీసా కనిపిస్తోంది. లేచి నడిస్తే వంటింటి మెట్ల దాకా ఎంతో దూరం లేదు. చుక్క తీగదైతే నడిచినా ఒకటే, నడవకపోయినా ఒకటే. పాముదైతే ఆ మెట్ల మీద పడిపోతాను. పాముదని తేలే దాకా ఇలాగే పడుకుంటాను. తేలితే, అవతల పక్కింటి కెల్ ఉన్నాడు. ఉన్నాడు కాని.

కంచె అవతల కెల్ ఇనుము కోస్తున్నాడు. పొద్దున్నించీ అదే మోత. మిషను ఇనుముకి తగిలినప్పుడు ఒక రకంగా, తీసినప్పుడు ఒక రకంగా అరుస్తుంది, ఆ రెండు అరుపుల మధ్య రేడియోలో క్రికెట్టు వినిపిస్తుంది. ఆ మిషను నడుస్తున్నంత సేపూ నేను గొంతు చించుకున్నా అతనికి వినపడదు. ఆగితే వినపడుతుంది. పది దాటాక టీ కోసం ఆపుతాడు, ఈ ప్రాంతంలో పనిచేసే మగవాళ్లందరికీ ఆ వేళకి చేతులు వాటంతటవే ఆగిపోతాయి. ఆపి, లోపలికి పోతాడు. లోపల రేడియో పెద్దగా పెట్టుకుంటాడు. పిలవాలంటే మిషను ఆగడానికీ అతని తలుపు పడడానికీ మధ్యే పిలవాలి. ఇదంతా నాకు ఎందుకింత బాగా తెలుసో. మూడు వేసవులుగా ఆ మనిషితో ఒక్క మాట లేదు, అయినా అతను ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు దగ్గుతాడో, ఏ ఓవర్లో రేడియోని తిట్టుకుంటాడో నాకు తెలుసు. నా గురించి అతనికీ తెలిసే ఉంటుంది. ప్రతి శనివారం రెండు గలీబులని తెలిసే ఉంటుంది.

అతని భార్య డాట్ ఉన్నప్పుడు టీకి నేనే అటు వెళ్లేదాన్ని, లేదా కంచె మీద మూడు కప్పులు పెట్టుకుని ఇటొకరు అటిద్దరు నిలబడేవాళ్లం. కెల్ కూ-యీ అని పిలిచేవాడు. మొదటి అక్షరం కింద, పొడుగ్గా, రెండోది పైకి ఎగరాలి. అడవిలో తప్పిపోయినవాళ్లు పిలుచుకునే పిలుపు అది, ఇతను టీకి వాడేవాడు. డాట్ విసుక్కునేది. ఇరవై అడుగుల దూరానికి ఆ కూతేమిటి, నోరు తెరిచి రమ్మంటే రాదా అనేది. రాదు, ఆమెకి చెవుడు, బస్సు నడిపీ నడిపీ పోయింది అనేవాడు కెల్. నా కప్పు వాళ్లింట్లోనే ఉండేది, నీలం గీతది. డాట్ పోయాక కూడా కొన్నాళ్లు పిలిచాడు, కొన్నాళ్లు వెళ్లాను. ఇద్దరికీ మాటలు ఎక్కువ ఉండేవి కావు. మాటలన్నీ డాట్‌వేనని అప్పుడు తెలిసింది.

దుప్పటి నీడ వచ్చింది, పోయింది. చీలమండ చూసుకోవాలంటే తల ఎత్తాలి, ఎత్తను. తల కొంచెం నొప్పిగా ఉంది. ఎండ వల్ల. ఎండలో పడుకుంటే ఎవరికైనా నొప్పి వస్తుంది. వీపు కింద గడ్డి చల్లగా ఉంది, పెరడంతా ఎండిపోయినా దండెం కింద మాత్రం పచ్చగా ఉంటుంది, బట్టల మిషను నీళ్లు ఇటే వదులుతాను. నీళ్లకి కప్పలు వస్తాయి, ఎలకలు వస్తాయి, వాటి కోసం వచ్చేవి వస్తాయి. ఈ ఏడు ఎవర్ని కదిపినా పాము కథే. గోధుమలు బాగా పండాయి, పోయినేడు ఎలకలు నేల కదిలినట్టు కదిలాయి, ఎలకల వెనకే ఇవి. స్కూల్లో ఆటసామాన్ల బీరువాలో ఒకటి, పోస్టాఫీసులో తూకం బల్ల కింద ఒకటి. బస్సులో పిల్లలు పోటీలు పడతారు. మా ఇంట్లో నాలుగు అంటే మా ఇంట్లో ఐదు. మొదటి స్టాపులో ఎక్కే టైలా నోరు విప్పదు, నా వెనక సీట్లో కూర్చుని అద్దంలో నన్ను చూస్తూ ఉంటుంది. మొన్న మాత్రం అడిగింది, మిస్, మీ ఇంట్లో ఎన్ని అని. ఒకటుండేది, పోయింది అన్నాను. ఎక్కడికి పోయింది అంది. గేటు దగ్గర వాళ్లమ్మ నిలబడి ఉంది, నేను తలుపు తీసి దిగమన్నాను.

నార్మన్. పాముకి పేరు పెట్టడం ఏమిటని ట్రెవర్ ఉంటే అనేవాడు. నీళ్ల ట్యాంకు కింద ఉండేవాడు నార్మన్, నల్లపాము, పొట్ట మాత్రం ఎరుపు. నల్లది ఉన్నచోట బ్రౌన్ ఉండదు, నల్లది బ్రౌన్ పిల్లల్ని తింటుంది, కాబట్టి నల్లదాని జోలికి పోకు అని మా నాన్న చెప్పేవాడు, వాళ్ల నాన్న ఆయనకి చెప్పాడు. నిజమో కాదో ఎవరూ లెక్క తీయలేదు. ఈ ఊళ్లో మనుషులు రెండు రకాలు, నల్లదాన్ని వదిలేసేవాళ్లు, పార తీసేవాళ్లు. చంపడం చట్టం ప్రకారం తప్పు కాబట్టి రెండో రకం వాళ్లు చెప్పుకోరు. నార్మన్‌కి కూడా విషం ఉంది, అయితే నన్ను చూస్తే తప్పుకునేవాడు, నేనూ తప్పుకునేదాన్ని. పొద్దున తొమ్మిదికి ట్యాంకు ముందు ఇటుకల మీద ఎండకి వచ్చేవాడు, అప్పటికి నేను మొదటి ట్రిప్పు ముగించుకుని వచ్చేదాన్ని. గుడ్ మార్నింగ్ నార్మన్ అనేదాన్ని. వేసవిలో వచ్చే క్రిస్మస్ సెలవుల్లో ఆరు వారాలు బస్సు ఉండదు, పిల్లలు ఉండరు, ఒక్కోసారి రోజు మొత్తానికి నేను పైకి అనే మాట అదొక్కటే. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేదా నవ్వరు, నవ్వకపోతే ఇంకా కష్టం.

ఆ రోజు రెండో ట్రిప్పు వేసి వచ్చేసరికి గేటు తీసి ఉంది. ట్యాంకు దగ్గర కెల్, చేతిలో పార, తోపుడు బండిలో నార్మన్, రెండు ముక్కలు. అయిపోయింది గ్లెన్, ఇక భయం లేదు అన్నాడు. నుదురు తుడుచుకున్నాడు. మేలు చేసిన మనిషి ముఖం అది. ఎవరు చంపమన్నారు అన్నాను. ఎవరూ అనలేదు, కంచె మీంచి చూశాను, ఇంత పొడుగుంది అన్నాడు. డాట్ ఉన్నప్పుడు కూడా ఉంది కదా, అప్పుడెందుకు చంపలేదు అన్నాను. డాట్ పేరు ఎందుకు తీశానో. అతను పార మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు.

"నువ్వు ఒక్కదానివే ఉంటావు కదా అని."

నా గేటు దాటి ఇంకెప్పుడూ లోపల అడుగు పెట్టకు అన్నాను. పార గడ్డికి తుడుచుకుని, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు కంచె గుంజ మీద నా కప్పు బోర్లించి ఉంది, కడిగి. నేను తీసుకోలేదు. అతనూ తీసుకోలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది, లోపల కందిరీగ మట్టి గూడు కట్టింది. ఇన్నాళ్లూ నార్మన్ కోసమే మాట్లాడడం లేదనుకున్నాను. ఊళ్లో ఎవరైనా అడిగితే అదే చెప్పాను, నల్లదాన్ని చంపాడు, ఇప్పుడు బ్రౌన్లు వస్తున్నాయి, చూడండి అని. వాళ్లూ తల ఊపేవారు. ఇక్కడ వెల్లకిలా పడుకుని చూస్తే అది కాదు. ఆ మాట. ఒక్కదానివే. నాకు తెలిసిన సంగతిని పక్కింటివాడు పార పట్టుకుని వచ్చి పైకి అనేశాడు. అతను మాత్రం ఇద్దరుగా ఉంటున్నాడా ఆ ఇంట్లో.

మిషను ఆగింది.

రేడియో వినిపించింది. ఎవరో అవుటయ్యారు. నోరు తెరిచాను. తెరిచి ఊరుకున్నాను. ఏమని పిలవాలి. కెల్ అనా. మూడేళ్ల తర్వాత మొదటి మాటగా కాపాడు అనా. తీగ గీరిందని తేలితే అతను కట్టు విప్పి చూసి ఏమంటాడు, ఏమీ అనడు, అదే నాకు బాధ. అంబులెన్సు నడిపేవాళ్లు కూడా మన ఊరివాళ్లే, జీతం లేని డ్యూటీ, శనివారం పొద్దున ఏ కొడుకు మ్యాచ్ దగ్గరో నిలబడి ఉంటారు, వాళ్లని పరిగెత్తించి ఒక తీగ గీత చూపిస్తే వచ్చే ఏడాది దాకా చెప్పుకుంటారు. నొప్పి లేదు కదా. ఇంకాసేపు చూద్దాం. తలుపు పడలేదు. మిషను మళ్లీ మొదలైంది. టీ వేళ ఇంకా కాలేదన్నమాట, కోసే చక్రం మార్చుకోవడానికి ఆపాడు. ఇంకోసారి ఆపుతాడు. తప్పకుండా ఆపుతాడు. టీ మానడు.

గలీబు నీడ. ఎండ. గలీబు నీడ. నాలుకతో పళ్లు తడుముకున్నాను, ఎందుకో నోరు ఇంకోలా ఉంది, చిన్నప్పుడు కుళాయికి నోరు పెట్టి తాగితే వచ్చే రుచి, ఇనుము రుచి. కెల్ కోసే ఇనుము గాలికి ఇటు వస్తోందేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, మనిషి ఏం కావాలంటే అది అనుకోగలదు. వేలు పెట్టి చూసుకున్నాను. ఎరుపు. పొద్దున పళ్లు తోముకున్నప్పుడు రాలేదు. బ్రౌన్ విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, చిగుళ్ల నుంచి వస్తుంది, కాటు దగ్గర ఆగకుండా వస్తుంది, నర్సు చెప్పింది. తల ఎత్తాను. మేజోడు చీలమండ దగ్గర నల్లగా తడిసింది. అది నీళ్ల తడి కాదు. చుక్క ఎవరిదో తెలిసిపోయింది.

నేను ఇక్కడే పోతే ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది. ఈ రోజు తెలియదు. రేపు ఆదివారం, రేపూ తెలియదు. బట్టలు ఇంకా తీయలేదేమిటని కెల్ అనుకోవచ్చు, అనుకుని కంచె ఇవతలికి రాడు, రావద్దన్నాను కాబట్టి. సోమవారం పొద్దున ఏడుకి టైలా గేటు దగ్గర నిలబడుతుంది, బ్యాగు తగిలించుకుని. రోడ్డు మీద దుమ్ము లేవదు. నేను రాలేదని మొదట తెలిసేది ఆ పిల్లకి. వాళ్లమ్మతో చెప్పదు, కొంతసేపు చూస్తుంది. నేను ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు కాబట్టి చాలాసేపే చూస్తుంది. ఆ గేటు, ఆ బ్యాగు, ఆ ఖాళీ రోడ్డు ఇప్పుడు నా కళ్ల ముందున్నాయి, దండెం కంటే దగ్గరగా. వద్దు. ఆ పిల్ల అలా నిలబడొద్దు. ఆపు కెల్. టీ వేళయింది, ఆపు. ఎంతసేపు కోస్తావు ఆ ఇనుము, ఎవరి కోసం, నీ ఇంట్లో గేట్లన్నీ బాగానే ఉన్నాయి, కోయడానికి ఏమీ లేక కోస్తున్నావు, నాకు తెలుసు, ఆపు.

ఆగింది. చక్రం మోత తగ్గుతూ తగ్గుతూ సన్నబడింది. బూట్ల చప్పుడు. తలుపు వైపు. కెల్ అందామనుకున్నాను, నోట్లోంచి వచ్చింది అది కాదు. కూ, అన్నాను, యీ పైకి ఎగరలేదు, కోడి కూతలా విరిగింది. బూట్లు నడుస్తూనే ఉన్నాయి. కళ్లు మూసుకుని, కాలు కదపకుండా, పొట్టలోంచి తీశాను. కూ-యీ. కాకటూ చిలకలు గోధుమలు నిలవచేసే సైలో మీంచి లేచిపోయాయి. రేడియో ఆగింది. ఈ పెరట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు.

దుప్పటి అంచు కింద నుంచి గేటు కనిపిస్తోంది. గేటు అవతల రెండు బూట్లు వచ్చి ఆగాయి, పక్కన పార మొన.

"గ్లెన్?"

పాము కరిచింది అన్నాను, బ్రౌన్, నోట్లో రక్తం వస్తోంది. అది ఎక్కడుంది అన్నాడు. పోయింది, దాన్ని వదిలెయ్ అన్నాను. బూట్లు కదలలేదు. ఎందుకు రావడం లేదో అర్థం కాలేదు. వినపడలేదేమో, ఇనుము కోసీ కోసీ చెవులు పోయాయేమో. ఇంకోసారి చెప్పబోతుంటే అతను గొంతు సవరించుకున్నాడు.

"లోపలికి రావచ్చా?"

అడుగుతున్నాడు. నేను నేల మీద రక్తం మింగుతుంటే ఆ మనిషి గేటు అవతల నిలబడి అనుమతి అడుగుతున్నాడు. నవ్వొచ్చింది, నవ్వితే కదులుతాను, నవ్వకూడదు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"రా, కెల్. పార అక్కడే పెట్టి రా."

పార గుంజకి ఆనించాడు, కప్పు కంగుమంది. తర్వాత గేటు గొళ్లెం. అతను మోకాళ్ల మీద కూర్చుని కట్టు చూశాడు. ఈ కట్టుకి కోడి కాలు కూడా ఆగదు, హాల్లో ఏం నేర్పుతారో ఏమో అన్నాడు. దండెం మీంచి దుప్పటి లాగాడు, క్లిప్పులు ఎగిరాయి, పళ్లతో అంచు తెంపి పట్టీలు చేశాడు. నా మేజోళ్లు విప్పకుండా వాటి మీదే చుట్టుకుంటూ వచ్చాడు, పాదం, పిక్క, మోకాలు, తొడ. కాటు ఎక్కడో డాక్టర్లకి తెలిసేలా, ఇనుము మీద గుర్తు పెట్టుకునే సుద్దతో చీలమండ దగ్గర గుండ్రంగా గీశాడు. కాలు నిటారుగా ఉంచడానికి గట్టిదేదైనా కావాలి, అటూ ఇటూ చూశాడు, దండెం కింద ఏమీ లేదు. గేటు వైపు చూశాడు. నా ముఖం చూశాడు.

"పార తేవచ్చా? కాలికి కట్టడానికి."

తెమ్మన్నాను. కర్ర వైపు తొడ పక్కకి, మొన వైపు పాదం దగ్గరికి వచ్చేలా పెట్టాడు. ఇనుము చల్లగా మడమకి తగిలింది. దాన్ని నా కాలితో కలిపి కట్టేస్తుంటే చూస్తూ ఉండిపోయాను, పార కంటే ముందు అతని మెడ మీద వెంట్రుకలు కనిపించాయి, ఎవరూ కత్తిరించక కాలరు మీద పడుతున్నాయి. డాట్ కత్తిరించేది. వంటింట్లో ఫోను అన్నాను. వెళ్లి తెచ్చి, అంబులెన్సు కోసం మూడు సున్నాలు నొక్కి, నాక్కూడా వినపడేలా గడ్డి మీద పెట్టాడు. ఆడగొంతు, చిన్న వయసు. అన్నీ అడిగింది, అతను అన్నీ చెప్పాడు, ఏ పాము, ఎక్కడ, కట్టు ఎంత దాకా. అంబులెన్సు బయల్దేరింది, ఆమెని కదలనివ్వకండి, మాట్లాడుతూ ఉండండి అంది. ఇద్దరం ఫోను వైపు చూశాం.

"ఆమె ఒక్కరే ఉంటారా అండీ ఇంట్లో?"

కెల్ నా వైపు తిరిగాడు. ఆ మాట మా ఇద్దరి మధ్య గడ్డి మీద పడి ఉంది. అతను దాన్ని తీయలేదు. సుద్ద ముక్క వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు.

"వినపడుతోందా? ఆమెకి మీరేమవుతారు?"

"పక్కింటివాణ్ణి" అన్నాడు. "టీకి వచ్చాను."